తెర మీద ఎర్ర గాజు

ప్లాస్టిక్ చేతిగాజు కంప్యూటర్ తెరకు తగిలితే చిన్న చప్పుడు వస్తుంది, టిక్కుమని. ఈ రోజు పొద్దున విమానాశ్రయం దగ్గర మా సరుకు రవాణా ఆఫీసులో ఆ చప్పుడు మళ్ళీ విన్నాను. చుట్టూ ఫోన్లు మోగుతున్నాయి, ట్రాలీల చక్రాలు కీచుమంటున్నాయి. అయినా నా ముక్కుకు మాత్రం అల్లం చాయ్, కాలిన టంకం కలిసిన వాసన తగిలింది. శంషాబాద్ బజారులో జహీరా ఆపా దుకాణం వాసన అది. గాజు నా చేతిలోనే ఉంది, చప్పుడు చేసిందీ నేనే. అయినా ప్రతిసారీ ఆవిడే వచ్చి నా వెనక నిలబడినట్టు ఉంటుంది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. జహీరా ఆపా కంప్యూటర్లు బాగుచేసేవారు. నేను రావిర్యాల నుంచి డిప్లొమా సర్టిఫికెట్టు పట్టుకుని ఆవిడ దగ్గర పనికి చేరాను. మా ఇంట్లో అందరూ వ్యవసాయం చేసేవాళ్ళే. కంప్యూటరు ముట్టుకున్న మొదటిదాన్ని నేనే కనుక నా తలపొగరుకు కొదవ లేదు. ఆపా పనితీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఏ ఇంటికి, ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు మిషను ముట్టుకునేవారు కాదు. దాని మీద రోజూ పనిచేసే మనిషిని కూర్చోబెట్టి, "మీ పని మీరు చేసుకోండి" అని వెనక స్టూలు వేసుకుని కూర్చునేవారు. చూపు తెర మీద కాదు, ఆ మనిషి మెడ మీద ఉండేది.

"మెడ చూడు మాధవీ," అనేవారు బయటికొచ్చాక. "ముందటికి వంగిండంటే అక్షరం చిన్నగైందన్నట్టు. పక్కకు వంచిండంటే తెర అంచుకు ఏదో కోసుకపోయింది. మనిషికి తెల్వకున్నా మెడకు తెలుస్తది."

ఆ స్టూలు మీద కూర్చునే పావుగంటలో నేను రెండు మిషన్లు బాగుచేయగలనని నా నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మా వీధి చివర రాజేందర్ సేటు పెళ్ళిపత్రికల దుకాణం ఉండేది. అక్కడ పత్రికలు తయారుచేసేది యాదయ్య కాక. ఒకప్పుడు ఆయన గోడల మీద, దుకాణాల బోర్డుల మీద కుంచెతో అక్షరాలు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, నడివయసు దాటి మౌసు పట్టుకున్నారు. ఒక శుక్రవారం ఆయనే మా మెట్టెక్కి వచ్చారు.

"బిడ్డా, నిన్న మిషన్ల ఏదో అప్‌డేట్ అయిందంట. ఇగ అక్షరాలన్నీ చీమల్లెక్క అయినయి. సేటుకు చెప్తే నీ కండ్లు పోయినయంటుండు. జర వచ్చి చూడవా?"

ఆపా అత్తాపూర్‌లో పని మీద ఉన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. జరిగిందేమిటో చూడగానే తెలిసింది. తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కదా, దాన్ని నడిపే ప్రోగ్రాము, డ్రైవరు, కొత్తది వచ్చి కూర్చుంది. పాతది చేసిపెట్టుకున్న కొలతలన్నీ చెరిపేసింది. అక్షరాల సైజు పెంచి చూశాను. కాక వాడే డిజైన్ ప్రోగ్రాము పాతకాలంది, సైజు పెంచితే దాని బటన్లు సగం తెర బయటికి పోయాయి. సరిగ్గా చేయాలంటే ఆ డ్రైవరును పూర్తిగా తీసేసి, కార్డుకు సరిపడేది వెతికి వేయాలి. గంటన్నర పని. నేను అడ్డదారి పట్టాను. తెర రిజల్యూషనును, అంటే బొమ్మను చూపే చుక్కల కొలతను, బాగా తగ్గించాను. అక్షరాలు ఒక్కసారిగా గోలీలంత అయ్యాయి.

"నీ కడుపు సల్లగుండ! మంచిగ కనబడుతుంది బిడ్డా," అన్నారు కాక. పది నిమిషాల్లో పని ముగించినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చేశాను. ఆయన పక్కన కూర్చోలేదు, మెడ చూడలేదు.

నేను తగ్గించిన కొలత చదరానికి దగ్గరగా ఉండేది. ఆ తెర మాత్రం వెడల్పాటిది. ఖాళీ మిగలకుండా డ్రైవరు బొమ్మనంతా అడ్డంగా సాగదీసి నింపేసింది. అక్షరాలు చదువుకునేవాళ్ళకు అది పెద్దగా పట్టదు. కానీ యాదయ్య కాక బోర్డులు రాసిన మనిషి. పత్రిక మీద వినాయకుడు లావెక్కినట్టు, పెళ్ళికూతురి ఫొటో చుట్టూ ఉన్న గుండ్రటి చట్రం నొక్కుకుపోయినట్టు ఆయన కంటికి వెంటనే ఆనింది. చేయి ఊరుకుంటుందా? తెర మీద అన్నీ సరిగ్గా కనిపించేదాకా ఒక్కొక్కదాన్నీ పక్కలనుంచి నొక్కి సన్నం చేశారు. తెరను ఫోనుతో ఫొటో తీసి హిమాయత్ సాగర్‌లోని పెళ్ళివాళ్ళకు పంపారు. ఆ ఫొటోలోనూ అంతా చక్కగానే ఉంది. వాళ్ళు సరే అన్నారు, పత్రికలు అచ్చుకు వెళ్ళిపోయాయి.

వారం తిరగకుండా కట్టలు విప్పారు. వినాయకుడు ఉపవాసాలు చేసినట్టున్నాడు. పెళ్ళికూతురి ముఖం దోసకాయలా నిలువుగా సాగింది. గుండ్రటి చట్రం కోడిగుడ్డు అయింది. సేటు కబురుపెడితే ఆపాతోపాటు నేనూ వెళ్ళాను.

"మిషన్ మంచిగనే ఉన్నది కదమ్మా, మీ పిల్లనే చేసిపోయింది," అన్నాడు సేటు ఆపాతో. "కాకకు కండ్లు పోయినయి, ఇగ ఈయనతోని కాదు. సోమవారం నుంచి వేరేటోన్ని పెట్టుకుంట."

యాదయ్య కాక ఒక పత్రికను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు. "నాకైతే గుండ్రంగనే కనబడ్డది సేటూ. మరి నా కండ్లే అయి ఉంటయి," అన్నారు. ఆ మాట ఎవరినీ దెప్పుతూ అనలేదు, నిజంగానే నమ్మి అన్నారు. నలభై ఏళ్ళుగా గీత వంకర పోని మనిషి తన కంటినే అనుమానించుకున్నారు.

ఆపా కాకను కుర్చీలో కూర్చోబెట్టి, గుండ్రటి గీత ఒకటి గీయమన్నారు. చేత్తో సరిదిద్దొద్దు, మిషను తనంతట తాను గీసే గుండ్రమే కావాలన్నారు. తర్వాత స్క్రూడ్రైవర్ల డబ్బాలోంచి ఎర్ర ప్లాస్టిక్ గాజు ఒకటి తీసి దాని మీద పెట్టారు. టిక్కుమంది. గాజుకు అటూ ఇటూ గీత బయటికి పొడుచుకొచ్చి కనిపించింది.

"కాకా, నీ కండ్లకు ఏం కాలేదు. తెరనే తప్పు చూపిస్తున్నది," అన్నారు ఆపా. పక్కనున్న కాకకు చెప్పడానికి అంత గట్టిగా అనక్కర్లేదు. గల్లాపెట్టె దగ్గరున్న సేటుకు వినబడాలని అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "గుండ్రం గిట్ల ఎందుకైందో సేటుకు నువ్వు చెప్పు మాధవీ."

ఆపా ఒక్క మాటతో నన్ను కాపాడగలిగేవారు. అప్‌డేట్ వల్ల అయిందంటే అందరూ నమ్మేవాళ్ళు, అందులో సగం నిజం కూడా ఉంది. కాకైతే అందరికంటే ముందు నమ్మేవారు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, బజారులో పరువు పోతుందన్న భయం ఇంకొకటి. కాక మాత్రం ఇంకా ఆ గాజునే చూస్తున్నారు.

"తప్పు నాది సేటూ," అన్నాను. "పని జల్దీ అయిపోవాలని అడ్డదారిల చేసిన. కాక కరెక్టుగనే చూసిండు. ఆయన కన్ను అంత మంచిది కాబట్టే గిట్లయింది."

సేటు తిట్టాడు. తిట్టడం పూర్తయ్యేదాకా ఆపా ఆపలేదు. తర్వాత నెమ్మదిగా, "పెండ్లోళ్ళకు మేం చెప్తం సేటూ. ఈ పిల్లా నేనూ పోతం," అన్నారు.

ఆ సాయంత్రమే హిమాయత్ సాగర్ వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి పత్రికను దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. "దేవుడు ఇంత బక్కగుంటే గిన్ని ఉండ్రాళ్ళు ఎవరు తినాలమ్మా?" అని ఫక్కున నవ్వాడు. పెళ్ళికి ఇంకా నెల ఉంది. మళ్ళీ అచ్చు వేయించి ఇస్తే చాలన్నాడు. తిరుగుదారిలో ఆపా ఒక బజ్జీల బండి దగ్గర ఆగి మిర్చిబజ్జీలు తినిపించారు. అవి తింటూ ఏడ్చాను. కారం ఎక్కువైందని ఆవిడ బండివాణ్ణి కోప్పడ్డారు.

మర్నాడు పని సరిగ్గా చేశాం, అంటే నేను చేశాను, ఆపా స్టూలు మీద కూర్చున్నారు. కొత్త డ్రైవరును మూలాలతో సహా తీసేశాను. సరిపడే పాతది వేస్తుంటే తెర ఒక్క క్షణం నల్లబడింది, కాక ఊపిరి బిగబట్టారు. తెర అసలు కొలతకు తిరిగొచ్చాక అక్షరాల సైజు పెంచాను. ఆ పాత ప్రోగ్రాము బటన్లు మళ్ళీ తెర బయటికి పోకుండా, దాని ఒక్కదానికి సైజు సంగతి విండోసే చూసుకునేలా ప్రాపర్టీస్‌లో టిక్ పెట్టాను. ఏ డ్రైవరూ తనంతట తాను వచ్చి కూర్చోకుండా ఆపాను. కాక పనిచేస్తుంటే ఈసారి ఆయన మెడ చూశాను. నిటారుగా ఉంది. అప్పుడు గాజు పెట్టాను. గుండ్రం దాని అంచు వెంటే కచ్చితంగా నడిచింది. యాదయ్య కాక ఆ తర్వాత చాలాకాలం ఆ కుర్చీలోనే పనిచేశారు. నా పెళ్ళిపత్రిక కూడా ఆయన చేతి పనే, అందులో వినాయకుడు ఉండవలసినంత బొద్దుగా ఉన్నాడు.

ఆపా ఇప్పుడు దుకాణం మూసేసి అత్తాపూర్‌లో చెల్లెలి దగ్గర హాయిగా ఉన్నారు. ఫోనులో అక్షరాలు చిన్నవయ్యాయని నాకే ఫోను చేస్తారు. దుకాణం మూసిన రోజు స్క్రూడ్రైవర్ల డబ్బా నా చేతిలో పెట్టారు. గాజు అందులోనే ఉంది.

ఈ పొద్దున, ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే నన్ను పిలిపించింది మా మేనేజరు. సుగుణక్క సరుకు నంబర్లు తప్పు కొడుతోందని, ఆమెను ఆ సీటు నుంచి తీసేయాలనుకుంటున్నానని చెప్పాడు. నేను స్టూలు వేసుకుని ఆమె వెనక కూర్చున్నాను. మెడ తెర మీదికి వంగిపోయి ఉంది. రెండు వారాల కింద డ్రైవరు మారింది. అప్పటినుంచి అక్షరాలు చిన్నవైనా, వయసు మీద పడిందంటారని ఆమె ఎవరికీ చెప్పలేదు. అంతా సరిచేసి, గుండ్రం గీయించి, గాజు పెట్టాను. టిక్కుమంది.

"నా కండ్లే పోయినయనుకున్న మేడం," అంది సుగుణక్క మెల్లగా.

"నీ కండ్లకు ఏం కాలేదక్కా," అన్నాను, మా వెనక నిలబడ్డ మేనేజరుకు వినబడేంత గట్టిగా.