గిజిగాడి గూడు

బలిఘట్టం దారిలో అరుగు మీద మిషను వేసుకుని రాచెలమ్మ రోజంతా జాకెట్లు కుట్టేది. సూదిలో దారం ఎక్కించి తల ఎత్తితే చాలు, ఆమె చూపు పక్కింటి అప్పయ్యమ్మ నూతి మీదికి వాలిన తుమ్మచెట్టు వైపే పోయేది. దానికి గిజిగాడి గూళ్లు గుత్తులుగా వేలాడేవి. ఆ పిట్టలు రాచెలమ్మ కొబ్బరాకులనే సన్నగా చీల్చుకుపోయి అక్కడ అల్లుకునేవి. తన పెరట్లో నూకలు చల్లితే తిని మళ్లీ అటే ఎగిరిపోయేవి. "మా ఆకులన్నీ మీ ఇంటికే మోసేస్తన్నాయి వదినా," అని నవ్వుతూనే అనేది గాని, ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

తొంభై ఎనిమిది ఆషాఢంలో ఒక ఉదయం గాలికి ఓ గూడు తెగి ఆమె పెరట్లో పడింది. లోపల రెండు పిల్లలు బతికే ఉన్నాయి. రాచెలమ్మ అటూ ఇటూ చూసి, గూటిని తన జామకొమ్మకు దారంతో కట్టి వచ్చి కూర్చుంది. తల్లిపిట్ట నూతి చుట్టూ తిరుగుతూ అరిచింది తప్ప ఇటు రాలేదు. మధ్యాహ్నానికి పిల్లల అరుపు సన్నబడింది. ఇక ఉండలేక ఆమె గూడు విప్పి పక్కింటికి పట్టుకెళ్లింది.

"పొద్దున్న గాలికి పడిపోనాది వదినా. బేగి కట్టీయి."

"పొద్దున్న పడితే ఇంతసేపు ఏటి సేసినావు?" అంది అప్పయ్యమ్మ.

"మా సెట్టుకు కట్టి సూసినాను. దీని తల్లి రాలేదు."

అప్పయ్యమ్మ గూటిని తుమ్మకొమ్మకు కట్టింది. ఆమె చెయ్యి తీసీ తియ్యకముందే తల్లిపిట్ట వచ్చి లోపలికి దూరింది. రాచెలమ్మకు ఊపిరి తిరిగింది. ఆ వెంటనే కడుపు భగ్గుమంది.