తిట్టు మధ్యలో ఆగింది

మా అత్తయ్య దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఒక్కటీ జారనివ్వకుండా, దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా నన్ను తిట్టగలదు. నేను వేసిన కుట్టు ఆవిడకు ఎన్నడూ నచ్చి చావలేదు. అదే మనిషి పరాయివాళ్ళ ముందు నోరు మెదపదు. కాలు విరిగినప్పుడు కట్టు కట్టేవాడితో పర్లేదు బాబూ, నీకే శ్రమ అంది. ఈ ఊరికి వలస వచ్చిన మా నల్లవాళ్ళందరిదీ ఇదే జబ్బు. ఎవరేమనుకుంటారోనని నొప్పి కూడా నెమ్మదిగా పడతాం.

మహమ్మారి రోజుల్లో ఆవిడకు జ్వరం, ఆయాసం పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు ఆవిడ వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించింది. ఆక్సిజన్ బాగానే ఉందని చూపించింది అది. ఎలా ఉందమ్మా అని అడిగితే అత్తయ్య చక్కగా నవ్వి పర్లేదంది. ఇంకేం, యంత్రమూ మనిషీ ఒకే మాట మీదున్నారు, ఇంటికి తీసుకెళ్ళమంది నర్సు.

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. మా వీధి రొట్టెలాయన్ని కిందటి వారం ఇక్కడినుంచే ఇలా పంపేస్తే ఇంట్లోనే పోయాడు. పోయేవాళ్ళలో మావాళ్ళే ఎందుకు ఎక్కువని వీధంతా గొణుగుడు. కానీ మా అత్తయ్య మాట నమ్మొద్దని కోడలు చెబితే వినేదెవరు?

చటుక్కున తట్టింది. నేనే కుట్టి వేసుకున్న చొక్కా అంచు ఆవిడ ముఖం ముందు పెట్టాను.

"ఈ కుట్టు ఎలా ఉంది అత్తయ్యా?"

ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇదొక కుట్టా? నీకసలు..." అని ఆగింది. "నీకసలు చేతులు..." మళ్ళీ ఆగింది. కుర్చీ పట్టుకుని ముందుకు వంగిపోయింది.

"నన్ను తిట్టడం మధ్యలో ఆపడం ఈవిడ జన్మలో ఇదే మొదటిసారి సిస్టర్," అన్నాను.

నర్సు అప్పుడు అత్తయ్య పాలిపోయిన పెదాలు చూసి డాక్టర్ని పిలిచింది. ఆయన అత్తయ్య మణికట్టు దగ్గర రక్తం తీయించి పరీక్ష చేయించాడు. ఆక్సిజన్ బాగా పడిపోయిందట. ఆఘమేఘాల మీద లోపలికి తీసుకెళ్ళి మాస్కు పెట్టారు. కాసేపటికి కళ్ళు తెరిచి, దుకాణం ఎవరు చూస్తారని చేత్తోనే నన్ను గదమాయించింది. గండం గడిచిందన్నాడు డాక్టరు.

నల్లటి చర్మం మీద ఆ క్లిప్పు ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. ఎప్పుడో చదివానన్నాడాయన. మరి రొట్టెలాయన సంగతేమిటని అడిగాను.

బయట బెంచీ మీద ఇళ్ళకు పంపేసిన మావాళ్ళు బండి కోసం చూస్తున్నారు. ఒక పెద్దాయన లేవబోయి గోడ పట్టుకున్నాడు. ఎలా ఉంది తాతా అని అడిగాను.

"నాకు బాగానే ఉందని... చెప్పారమ్మా," అన్నాడు.

ఆయన చంకలో చెయ్యి వేసి మళ్ళీ లోపలికి నడిపించాను. డాక్టరు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.