మా కొంప ముంచిన జెయింట్ వీలు సినిమా

మొన్న వినుకొండ నుంచి గుంటూరుకు ప్రైవేటు బస్సులో వస్తుంటే టీవీలో ఏదో డబ్బింగు సినిమా వేశారు. ఏదో దేశంలో పెద్ద వినోదాల పార్కు, దాని నడుమ దీపాలతో వెలిగిపోతున్న జెయింట్ వీలు, ఎక్కినవాళ్లంతా కేరింతలు. ఇక బోల్టు ఊడుతుందని నాకు తెలుసు, ఊడనే ఊడింది. చక్రం ఇరుసు మీంచి జారి జనం మీదికి దొర్లుతుంటే కుర్రాళ్లు ఈలలు వేశారు, నా పక్కనున్నావిడ నోట్లో వేసుకోబోయిన వేరుశనగపప్పు చేతిలోనే పట్టుకుని కళ్లార్పకుండా చూసింది. నేను మాత్రం ఉండలేక నరసరావుపేటలోనే దిగిపోయి, ఇంకో బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడ్డాను. ఇంటికొచ్చాక మా ఆవిడ సంగతి విని, అరవై దాటిన మనిషికి ఇదేం చోద్యమని తిట్టింది. తిట్టదూ మరి! ఆ కథ ఆమెకు సగమే తెలుసు. మీకు మొత్తం చెబుతాను.

మా నాయనకూ మా మేనమామకూ కలిపి ఒక జెయింట్ వీలు ఉండేది. పన్నెండు తొట్లు, డీజిలు ఇంజను. మిరపకోతలు మొదలయ్యాక తిరునాళ్లు ఎక్కడుంటే అక్కడికి, ఉరుసు ఎక్కడుంటే అక్కడికి దాన్ని ముక్కలుగా విప్పి లారీకెక్కించి తీసుకెళ్లేవాళ్లం. కోత కూలీల ముఠాలే మాకు పెద్ద గిరాకీ. పొద్దుటినుంచీ మిరప చేలల్లో వంగి వంగి నడుములు పడిపోయిన ఆడవాళ్లు, వేళ్ల మంట ఇంకా తగ్గకముందే వచ్చి, పై దాకా వెళ్లినప్పుడు కెవ్వుమని అరిచి, దిగి మళ్లీ ఎక్కేవాళ్లు. నాయన రోజూ నమాజు చేసుకుని వచ్చి, ప్రతి బోల్టునూ స్పానరుతో కొట్టి చెవిపెట్టి వినేవాడు. శబ్దం నచ్చకపోతే ఆ పూట చక్రం తిప్పేవాడు కాదు, ఎవరెంత బతిమాలినా సరే. ఒక వైపు తొట్లలో జనం ఎక్కువైతే ఎదురు తొట్టిలో ఇసక బస్తా వేసి బరువు సరిచేసేవాడు. అన్నేళ్లలో మా చక్రం మీద ఒక్కరికైనా గీత పడిందంటే ఒట్టు.

అయితే వరసగా రెండేళ్లు పత్తిని పురుగు తినేసింది, మిరపకు ధర లేదు, చక్రం ఎక్కేవాళ్లు పలచబడ్డారు. మామయ్య విసిగిపోయి, వినుకొండలో పెట్టిన ఈ నెల కూడా ఇట్లాగే ఉంటే చక్రాన్ని పాత ఇనుముకు అమ్మేయాల్సిందేనని తేల్చి చెప్పాడు. నాయనకు ఇంకో పని రాదు, వేరే పని చేయాలన్న ఆశ కూడా లేదు. ఆ మాట విన్నాక రెండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు.

అప్పుడే ఊళ్లో హాలుకు ఒక డబ్బింగు సినిమా వచ్చింది. మా చక్రం పక్కనున్న పత్తి జిన్నింగు మిల్లు గోడ మీద పోస్టరు వేశారు, పైన రంగురంగుల జెయింట్ వీలు, అందులో నవ్వుతున్న పిల్లలు. కింది సగం మీద ఎవడో పురుగుమందు పోస్టరు అంటించేశాడు. అది చూసి నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ సినిమా టిక్కెట్టు ముక్క తెచ్చి చూపించినవాళ్లకు మా చక్రం మీద సగం ధరే అని చెబితే జనం విరగబడరా? నాయన జన్మలో సినిమా హాలు గడప తొక్కినవాడు కాదు, అందుకని నన్నే అడిగాడు.

"ఏరా, నువ్వు చూశావా ఆ సినిమా? ఎట్టా ఉంది?"

"చూశా నాయనా. పిల్లల సినిమా. చూసినోళ్లంతా మన దగ్గరికే పరిగెత్తుకొస్తారు."

చూడలేదండీ. పోస్టరు చూశాను, అంతే. ఇరవై మూడేళ్ల వాణ్ని, నాకు తెలియదని చెప్పడం నామోషీగా తోచింది.

రిక్షాకు మైకు కట్టుకుని మూడు రోజులు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. సినిమా చూడండి, జెయింట్ వీలు ఎక్కండి అని గొంతు పోయేదాకా అరిచాను. ముఠాలకు ముఠాలు ట్రాక్టర్లెక్కి సినిమాకు పోయాయి. ఆ సినిమాలో ఏముందో మీకీపాటికి తెలిసే ఉంటుంది. మర్నాడు మా దగ్గరికి వాళ్లంతా వచ్చారు, చేతుల్లో టిక్కెట్టు ముక్కలున్నాయి, కానీ చక్రం పడితే తమ మీద పడనంత దూరంలో ఆగిపోయారు.

నాయనకు మొదట అర్థం కాలేదు. అంతమందిని చూసి మొహం వెలిగిపోయింది పాపం. ఎవరో సంగతి చెప్పాక మా అమ్మను పిలిచాడు. అమ్మకు మేడమెట్లెక్కినా కళ్లు తిరుగుతాయి, అన్నేళ్లలో ఒక్కనాడూ చక్రం ఎక్కలేదు. ఆ రోజు మారుమాట్లాడకుండా చెంగు బిగించి ఆయన పక్కన కూర్చుంది. ఇంజను నన్నే తిప్పమన్నాడు. పట్టపగలు, పదకొండు తొట్లు ఖాళీగా, ఒక్క తొట్టిలో మా అమ్మానాయనా. పైకి వెళ్లిన ప్రతిసారీ నాయన చెయ్యూపి, రండమ్మా, ఏం కాదు, రండి అని పిలుస్తున్నాడు. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు, ఎక్కడానికి కాదు, పడితే చూడ్డానికి.

చివరికి ఒక ముఠా మేస్త్రమ్మ ఉండబట్టలేక గట్టిగా అరిచింది.

"దిగవయ్యా బాబూ! పెళ్లాన్ని చంపుకుంటావా ఏంది!"

నేను ఇంజను ఆపేశాను. ఆ నెలంతా ఒక్కరూ ఎక్కలేదు.

మామయ్య ఇనుము కోసే గ్యాసుకట్టరువాణ్ని వెంటబెట్టుకునే వచ్చాడు. ఆ దిక్కుమాలిన సినిమాకు ప్రచారం చెయ్యమన్న తెలివితక్కువ వెధవ ఎవడని అందరి ముందూ నిలదీశాడు. నాయన నావైపు చూడనైనా చూడకుండా, నేనే చెప్పించాను అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చక్రాన్ని కోసి లారీలో వేయడానికి ఒక్క పూట పట్టింది.

తర్వాత నాయన మార్టూరులో రాళ్లు పాలిషు చేసే చోట కూలికి కుదిరాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, చివరి ఏళ్లలో నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇప్పుడు తిరునాళ్లలో మా దానికి మూడింతలుండే చక్రాలు తిరుగుతున్నాయి. కుర్రాళ్లు క్యూలో నిలబడి ఫోనుల్లో అట్లాంటి సినిమాలే చూస్తూ, నవ్వుకుంటూ ఎక్కేస్తున్నారు. భయపడ్డానికి కూడా సరదాపడే కాలం వచ్చింది, మా నాయన కోసం కాస్త ముందుగా రాలేదు. పోనీ, కాలాన్ని అని ఏం లాభం?

ఇరవై ఏళ్లు ఆయన నా ఇంట్లోనే, నా ఎదురుగానే దగ్గుతూ బతికాడు. ఆ సినిమా నేను చూడలేదు నాయనా అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి! రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆయన పోయాడు. నేను ఆ సినిమా చూసే, పిల్లల సినిమా అని అబద్ధమాడానని, తెలిసే తన చక్రాన్ని ముంచానని అనుకునే పోయి ఉంటాడు.