చల్లపల్లిలో వినపడని గిటార్

నలభై ఏళ్లు దాటింది. ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అదే గొంతుతో పాటలు పాడాను, శభాష్ అనిపించుకున్నాను. ఈవేళ మీకు చెప్పేస్తాను. జాలిపడమని కాదు.

డెబ్బైల చివర బందరులో మాకో ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది. పార్టీ నాది, పాట నాది. లీడ్ గిటార్ ప్రభుదాసు. చర్చిలో వాయిస్తూ నేర్చుకున్నవాడు. సినిమాలో బోలెడు వయొలిన్లు వాయించే బిట్టును ఆరు తీగల మీద ఒక్కడే పలికించేవాడు. కోనేరు సెంటర్ టీకొట్టులో రోజూ ఒకటే వాదన: పార్టీ నిలబడింది పాట మీదా, గిటార్ మీదా? గిటార్ పక్షం నానాటికీ పెరిగింది. నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండదు?

చివరికి టీకొట్టులో రెండు పక్షాలవాళ్లూ పందెం వేసుకున్నారు. చల్లపల్లి ప్రోగ్రాంలో, పాట మధ్య వచ్చే గిటార్ బిట్టుకు జనం చప్పట్లు కొడితే గిటార్ పక్షం గెలిచినట్టు.

ప్రభుదాసు గిటార్‌కు ఒక చిన్న డబ్బా యాంప్లిఫయర్, దాని ముందు ఒక మైకు. ఆ మైకు పనిచేస్తేనే జనం వైపు కట్టిన హారన్లలో గిటార్ మోగుతుంది. స్టేజీ మీదున్న మాకు మాత్రం డబ్బాలోంచి ఎలాగూ వినిపిస్తుంది. పాటకు ముందు, మైకు సర్దుతున్నట్టు వంగి, దాని మెడ దగ్గరున్న మీట కిందికి నొక్కాను.

అతను కళ్లు మూసుకుని వాయించాడు. జనానికి వెనక నుంచి అకార్డియన్ ఒక్కటే వినిపించింది. ఒక్క చప్పట్టూ లేదు. నేను పల్లవి అందుకోగానే ఈలలు. పాట అయ్యాక మీట మళ్లీ పైకి.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, గిటార్ బయటికి సరిగ్గా వినపడలేదంటారా?"

"ఖంగున వినపడిందిరా. జనానికే పట్టలేదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతుక్కుపోయింది. రెండు నెలల్లో పార్టీ మానేశాడు. గుడివాడలో రైసుమిల్లు గుమాస్తాగా చేరాడు. చర్చిలో కూడా మళ్లీ గిటార్ ముట్టలేదట. బస్సెక్కితే అయిపోయే దూరం. ఎందుకు వెళ్లలేదు? నా పాట చిన్నదైపోతుందనా? ఆ మీట నొక్కింది కోపమేనని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది భయం. ఉత్త భయం.

మొన్న ప్రభుదాసు పోయాడు. సమాధుల దగ్గర ఆనాటి పందెంగాడొకడు నా భుజం తట్టి, "గిటార్ ఉన్నా లేనట్టేనని చల్లపల్లిలోనే తేలిపోయింది కదండీ," అన్నాడు. నేను తల ఊపాను. అదీ నేనే.

ఇప్పటికీ అంటాను, పార్టీని నడిపింది నా గొంతే. కాదనేవాళ్లు రండి, వాదిస్తాను. కానీ చల్లపల్లిలో ఏమీ తేలలేదు. ఆ బిట్టు మీరెవరూ వినలేదు. పక్కన నిలబడి నేను విన్నాను. అంత బాగా అతను అంతకుముందెప్పుడూ వాయించలేదు.