మురళి బదులు రాయి

దెయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. ఎవరైనా "నిజంగా జరిగింది" అంటే "సరేలే, అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తాను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ ప్రోగ్రాములు సరిచేసే మాకు ఆ భయమే అన్నం పెట్టింది. సింగపూర్‌లో ఆంగ్ మో కియో అనే పేటలో ఒక ఫ్లాట్‌లో నలుగురం ఉండేవాళ్ళం: నేను, భీమవరం సుధాకర్, వరంగల్ ప్రసాద్, కర్నూలు మురళి. ఒకే రైస్ కుక్కర్, ఒకే పచ్చడి జాడీ. ఎంత బాగుండేదో చెప్పలేను.

ఇండోనేసియాలోని జావా దీవిలో ఒక అగ్నిపర్వతం ఎక్కాలన్నది మురళి పిచ్చి. సగం ఎత్తులో చెక్కలతో కట్టిన చిన్న గుడిసె ఉందని, పొద్దున బయల్దేరితే అక్కడ టీ తాగి సాయంత్రానికి దిగిపోవచ్చని ఆఫీసు ప్రింటర్ మీద బోలెడు కాగితాలు తీసుకొచ్చాడు. ప్లానంతా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఐదింటికి నడక మొదలు. పదకొండుకి ఎక్కడున్నా వెనక్కి. పులిహోర ప్రసాద్, నీళ్ళు సుధాకర్.

సింగపూర్‌లో ఎక్కడానికి కొండలెక్కడివి? అందుకని ప్రతి ఆదివారం మా బ్లాకు మెట్లే పన్నెండు అంతస్తులూ ఎక్కించేవాడు, వీపున ఐదు కిలోల బియ్యం బస్తాతో. కింద కూర్చునే చైనా అంకుల్ మమ్మల్ని చూసి "లిఫ్ట్ స్పాయిల్ ఆ?" అని అడిగేవాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, మురళి కాంట్రాక్టు మాత్రం ఆగింది. వర్క్ పాస్ రద్దయి కర్నూలు వెళ్ళిపోవాల్సి వచ్చింది. ట్రిప్పు మానేద్దామన్నాం. వాడు మండిపడ్డాడు.

"మూడు నెల్లు మెట్లెక్కింది ఊరికేనా? పోండప్పా! కాకపోతే ముగ్గురు పోగూడదు, అంతే."

ముగ్గురు కలిసి బయల్దేరితే అచ్చిరాదని మన ఇళ్ళల్లో అంటారు. తప్పదంటే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకెళ్తారు. మురళి మా బ్లాకు కింద పూలకుండీలోంచి నున్నటి తెల్లరాయి ఒకటి ఏరి నా చేతిలో పెట్టాడు.

"హాకర్ సెంటర్‌లో తిననీకి పోతే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇది మాది అని సీటు చోప్ చేస్తాం సూడు, అట్ల ఇది నా సీటు. గుడిసె దాకా నన్ను తీసకపోతావా లేదా?"

"తీసుకెళ్తాలేరా" అన్నాను. వాడు నవ్వుతున్నాడు గానీ కళ్ళు తడిగా ఉన్నాయి.

మేం బయల్దేరే రోజుకి నా బ్యాగు బరువెక్కింది. రాయిని తీసి తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద పెట్టేశాను. రాయేంటి, మనిషేంటి, నా మొహం అనుకున్నాను. దారిలో సుధాకర్ అడిగితే బ్యాగులోనే ఉందని అబద్ధం చెప్పాను.

కొండ దారంతా మెత్తటి బూడిద. పదిన్నరకి గుడిసె చేరాం. అక్కడి కాపలా ముసలాయన నాలుగు గ్లాసుల్లో టీ తెచ్చాడు. మేం ముగ్గురమేనని సుధాకర్ వచ్చీరాని మలయ్‌లో చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపి నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగోవాడు బయట మెట్టు మీద కూర్చుని బూట్లలో బూడిద దులుపుకుంటున్నాడట.

వెళ్ళి చూశాం. ఎవరూ లేరు. ముసలాయన పొరబడ్డాడనుకున్నాం. ఆ గ్లాసు అలాగే చల్లారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫ్లాట్‌కి వచ్చాం. తలుపు తీసింది నేనే. ఇంకా బూట్లు కూడా విప్పలేదు. రాయి పెట్టినచోటే ఉంది. కానీ తెల్లగా లేదు. వేలితో రాస్తే అదే మెత్తటి బూడిద అంటుకుంది. స్టాండు మీద గానీ, గచ్చు మీద గానీ చిటికెడు లేదు, ఒక్క రాయి మీద తప్ప.

 అప్పుడు ఆ ఇద్దరికీ అబద్ధం ఒప్పుకున్నాను. "గట్లెట్లయితది రా?" అంటూ ప్రసాద్ అక్కడే కూలబడ్డాడు. మురళి తాళంచెవి వెళ్ళేరోజే నాకిచ్చేశాడు. ఇంకో తాళంచెవి హౌగాంగ్‌లో ఉండే ఓనర్ ఆంటీ దగ్గరుంది, నిజమే. కానీ ఆవిడకి జావా బూడిద ఎక్కడిది?

ఆ సాయంత్రమే మురళికి ఫోన్ చేశాను. మేం గుడిసెలో ఉన్న పూట వాడు కర్నూల్లో రేషన్ షాపు లైన్లో నిలబడ్డాడట. "నన్ను తీసకపోయినావా?" అని అడిగాడు. ఊ అన్నాను.

చాలా ఏళ్ళయింది. ఆ ఫ్లాట్ ఎవరిదో అయిపోయింది, మేం తలో దిక్కు అయ్యాం. రాయి మాత్రం సింగపూర్‌లోనే, బెడోక్‌లో మా ఇంట్లో పుస్తకాల పక్కన ఉంది. పోయిన నెల మురళి ఫోన్ చేశాడు.

"నా రాయి ఉందారా?"

"ఉంది."

"ఉద్యోగం పోయి ఇంట్లో కూసున్న దినాల్లో నాకు అదొక్కటే తృప్తిరా. నువ్వు నన్ను ఆడిదాకా తీసకపోయినావు."

 నేను తీసుకెళ్ళలేదని వాడికి ఇప్పటికీ చెప్పలేదు. మరి ఎవరు తీసుకెళ్ళారో నాకూ తెలియదు.