మెట్ల మీద ఎవరు తోశారు

కలకత్తా పక్కన సంత్రాగాఛిలో మా బడి హెడ్‌మిస్ట్రెస్‌ని అందరం బొర్దీ అంటాం, పెద్దక్క అని. ఆవిడ గొంతు పెంచరు, ఏ సంగతీ తొందరపడి తేల్చరు. నేనేమో అయినదానికీ కానిదానికీ చిటపటలాడే మనిషిని. అలాంటి నేను ఆవిడ దగ్గర లెక్కల టీచరుగా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చానంటే ఆ గొప్పంతా ఆవిడదే.

పోయిన వర్షాకాలంలో ఒకరోజు టిఫిన్ గంట కొట్టగానే ఎనిమిదో తరగతి పిల్లలు బిలబిలమంటూ మెట్లు దిగుతుంటే ఒక బెంగాలీ అమ్మాయి పడింది. మణికట్టు విరిగింది. వెనకనున్న పిల్ల తోసిందని చెప్పింది. ఆ వెనకనున్నది మా తెలుగుపిల్ల. వాళ్ళ నాన్నది శ్రీకాకుళం వైపు, ఇక్కడ రైల్వే యార్డులో పని. తను తొయ్యలేదనీ, జారుతుంటే పట్టుకోబోయాననీ ఆ పిల్ల అంది. అంతకుముందే ఇద్దరూ బెంచీలో చోటు కోసం పోట్లాడుకున్నారు. మెట్ల దగ్గర కెమెరా లేదు. పడిన పిల్ల తండ్రి స్కూల్ కమిటీలో మెంబరు. తోసినదానికి టీసీ ఇచ్చి పంపేయమని పట్టుబట్టాడు. ఏడాది మధ్యలో, అదీ తోటిపిల్ల చెయ్యి విరగ్గొట్టిందన్న పేరుతో వెళ్తే ఇంకే బడి చేర్చుకుంటుంది?

నేనైతే క్లాసంతటినీ వరసగా నిలబెట్టి గదమాయించేదాన్ని. బొర్దీ ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు కళ్ళారా చూసిందేమిటి, తర్వాత విన్నదేమిటి అని నెమ్మదిగా అడిగారు. తోసింది తోసింది అని హోరెత్తించినవాళ్ళలో చూసినవాళ్ళు ఒక్కరూ తేలలేదు. మెట్లు తడిగా ఉన్నాయని మాత్రం అందరూ చెప్పారు. తర్వాత ఆవిడ నన్ను వెంటబెట్టుకుని దెబ్బ తగిలిన పిల్ల ఇంటికెళ్ళారు. వీపు మీద చెయ్యి తగిలిందని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు. "నా బడిలో పడ్డావు, ఆ తప్పు నాది" అని బొర్దీ దాని తల నిమిరారు.

తిరిగొస్తుంటే ఆటోలో నేను ఆగలేక, "మరింకేం, తేలిపోయినట్టేగా!" అన్నాను.

"చెయ్యి తగిలిందని వీపుకి తెలుస్తుంది. తోసే చెయ్యో, పట్టుకోబోయే చెయ్యో వీపుకెలా తెలుస్తుంది?" అన్నారు ఆవిడ.

 

శనివారం కమిటీ కూర్చుంది. తెలుగుపిల్లని పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు. బొర్దీ లేచి, "ఎంత అడిగినా నాకు తెలియలేదు. తెలియనిదానికి ఒక పిల్లని శిక్షించలేను" అన్నారు. అంతమందిలో 'నాకు తెలియలేదు' అని చెప్పుకున్న పెద్దమనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మెంబరు మాత్రం వింటేనా! టీసీ ఇవ్వాల్సిందేనని బల్ల గుద్దాడు.

అప్పుడే తెలుగుపిల్ల తండ్రి యార్డు నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. గదిలో అడుగు పెడుతూనే చేతులు జోడించి, తప్పయిపోయింది సాబ్, ఈసారికి క్షమించండి అని హిందీలో మొదలుపెట్టాడు.

"చూశారా, తండ్రే ఒప్పుకున్నాడు!" అన్నాడు మెంబరు.

 మా రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళకి ఇదొక అలవాటు. పెద్దలు కూర్చున్నారంటే ముందు తప్పయిందంటారు, ఏం తప్పో తర్వాత కనుక్కుంటారు. ఆ మాట నేను చెప్పబోయేలోపే బొర్దీ తెలుగుపిల్ల తండ్రిని అడిగారు.

"తోశానని మీ అమ్మాయి మీతో చెప్పిందా?"

"లేదు మేడమ్."

"మీరు అడిగారా?"

"కబురొచ్చిన రోజే రెండు దెబ్బలేశాను మేడమ్. అడగలేదు."

"ఇప్పుడు అడగండి. మీ భాషలోనే అడగండి."

ఆయన తలుపు దగ్గర నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

"ఏటే తల్లీ, నువ్వు తోసినావా?"

"నేదు నాన్నా. పడిపోతందని పట్టుకోబోనాను."

ఆయన దాని మొహంలోకి కాసేపు చూశాడు. జోడించిన చేతులు దించేసి, కమిటీ వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు.

"నా కూతురు తొయ్యనేదని సెప్తంది. నాను క్షమాపణ సెప్పను బాబూ."

ఆ మాటని నేను బెంగాలీలో చెప్పాను, అవసరమైనదానికంటే గట్టిగానే. బొర్దీ టీసీ మీద సంతకం పెట్టనన్నారు. మెంబరు విసవిసా వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఏం జరిగిందో ఇప్పటికీ మాకు తెలియదు. ఎవరేమడిగినా అన్ని రోజులూ పొడి కళ్ళతోనే జవాబు చెప్పిన ఆ పిల్ల మాత్రం, తండ్రి ఆ మాట అనగానే అందరి ముందూ బావురుమంది.