మత్తడికి పట్టా

"అమ్మా, మత్తడి నీదెట్లయితది? గది గిర్నీల అక్కది గదా?"

నా బిడ్డ ఈ మాట అన్నప్పుడు నా చేతిలో కలం మూత తీసి ఉంది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ ఎవరో ఎర్రసిరాతో చిన్న గీటు గీశారు. ఆ గీటు మీద పాళీ ఆనించబోతున్నాను. ఏడేళ్ల పిల్ల, పలక మీద ఎక్కాలు రాసుకుంటూ తల కూడా ఎత్తకుండా అన్నది. నేను పాళీ వెనక్కి తీశాను.

అంతకుముందు నేను భయపడింది వేరే దానికి. మా ఆయనకు బడిపంతులు ఉద్యోగం దొరికి మేమొచ్చిన ఈ నల్లగొండలో ఇప్పుడు మందపాటి కవరు ఏది వచ్చినా భయమే. కమ్యూనిస్టుల కోసం పోలీసులు ఏ పొద్దు ఏ ఇల్లు సోదా చేస్తారో, ఏ కాయితం చూసి ఏమనుకుంటారో తెలియదు. మద్రాసు ముద్ర చూసి, తలుపు గడియ పెట్టి మరీ విప్పాను. లోపల పిల్లల పత్రిక సంపాదకుని ఉత్తరం, దానితో ఒక అచ్చు కాయితం ఉన్నాయి.

మత్తడి అనే వింత మృగం మీద నేను రాసిన పన్నెండు కథల్ని పుస్తకంగా వేస్తామన్నారు. అయితే ఒక చిక్కు వచ్చిందట. మూడు కథలు పత్రికలో పడ్డాక కోస్తా రచయిత ఒకాయన అదే మృగంతో తానొక కథ రాసి పంపాడు. ఆయన్ని ఆపాలంటే ఆ మృగం పూర్తిగా నా సొంత కల్పన అనీ, దాని మీద ఇంకెవరికీ హక్కు లేదనీ నేను సంతకం చేయాలి. సంతకం రాకపోతే పుస్తకం సంగతి మళ్లీ ఆలోచించవలసి ఉంటుంది.

"ఎంత ధైర్యం! నా మత్తడిని ఎత్తుకపోయిండు," అని మా ఆయనతో గట్టిగానే అన్నాను. బడికి పోయే తొందరలో గుండీలు పెట్టుకుంటూ ఆయన నవ్వాడు. "దొంగను పట్టి చావడికి తోల్కరమ్మంటవా?"

నాకు నవ్వు రాలేదు. హైదరాబాదు కాలేజీలో నేను చదివిందంతా ఉర్దూలోనే. తెలుగు రాయడం పెళ్లయ్యాక నాకు నేనుగా పట్టుదలతో నేర్చుకున్నాను. పిల్లలు పడుకున్నాక కందిలి ముందు కూర్చుని రెండేళ్లు రాసిన కథలవి. అందుకే ఆ కాయితాన్ని రెండోసారి చదవకుండానే కలం తీశాను. అప్పుడే నా బిడ్డ అడిగింది.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో, లారీలు వేసుకొని ఊళ్ల మీద పడే రజాకార్ల భయానికి మా ఊరున్న కొత్తకోట చుట్టుపక్కల చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. మా ఆయన నన్నూ పిల్లల్నీ కృష్ణ దాటించి కర్నూలులో దించి, మంచం దిగలేని మా మామ కోసం మళ్లీ ఊరికి పోయాడు. మాకు దొరికిన జాగా ఒక మూతబడ్డ పత్తి గిర్నీ. పైన రేకులు, కింద నాపరాళ్లు. కుటుంబానికీ కుటుంబానికీ నడుమ చీరలే గోడలు. ఎక్కడ కూర్చున్నా పత్తి నూగు కొంగుకు అంటుకునేది. రొట్టె విరిస్తే అందులోనూ పత్తే.

చెప్పుకుంటే తప్పేమో గానీ, నా జన్మలో అంతగా నవ్వింది ఆ గిర్నీలోనే. అందరికీ ఒకటే పెనం. ఎవరి వంతు ముందని రోజూ తగువు. తీర్చేది ఒక సాలెవారి ముసలవ్వ. ఎవరికీ చుట్టం కాదు, అందరూ అవ్వా అనే పిలిచేవాళ్లు.

వానలు పట్టాక ఒకనాడు మా ఊరి మనిషి ఒకడు వాకిట్లోకి వచ్చి, చెప్పులు విడవకముందే, "మన చెర్వు మత్తడి దుంకింది!" అని కేకేశాడు. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టను మా దిక్కు మత్తడి అంటారు. నీళ్లు పొర్లితే మత్తడి దుంకిందంటారు. ఆ ఒక్క మాటలో నాకు అన్నీ వినబడ్డాయి. చెరువు తెగలేదు. ఊరుంది. ఆ కబురు చెప్పి పంపిన మా ఆయన ఉన్నాడు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

నా పక్కన ఎనిమిదేళ్ల పిల్ల నిలబడి ఉంది. మక్తల్ అవతల మెట్ట ఊరు వాళ్లది. తల్లి కూలికి పోయేది. నా ఏడుపు చూసి పిల్ల బెదిరిపోయింది.

"ఎవరి మీద దుంకింది? కరుస్తదా?"

గిర్నీ అంతా గొల్లున నవ్వింది. తల్లికి తల కొట్టేసినట్టయింది. "మా ఊర్ల చెర్వు లేదమ్మా, దీనికేం ఎరుక," అంది.

పెనం దగ్గరి అవ్వ మాత్రం నవ్వలేదు. "కరుస్తది బిడ్డా. మనుషుల్ని గాదు, కరువును కరుస్తది."

ఆ పొద్దే మత్తడి పుట్టింది. పిల్ల దానికి నాచు జూలు పెట్టింది, వడ్ల గుమ్మి అంత పొట్ట పెట్టింది, పొట్ట నిండా బతికున్న చేపల్ని పెట్టింది. అది దుంకిన చోటల్లా వరి మొలుస్తుందంది. నడిస్తే మగ్గం ఆడినట్టు చప్పుడు రావాలన్నది అవ్వ. తోక నేను పెట్టాను. లారీ వెలుగు పడితే కళ్లు మూసుకొని ఒదిగిపోయే భయం కూడా నేనే పెట్టాను. రోడ్డు మీద లారీ పోతే మా పిల్లలు ఉలిక్కిపడేవాళ్లు. అంత పెద్ద మత్తడికీ భయమేనంటే వాళ్లకు కొంచెం నిమ్మళం.

ఒకరోజు ఆ పిల్ల నీళ్లకు పోయినప్పుడు నేను మత్తడి కథ ఒకటి కొత్తగా అల్లి పిల్లలకు చెప్తున్నాను. వచ్చి బిందె దించి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"నా మత్తడిని నన్నడగక ఎట్ల తోల్కపోయినవ్, చిన్నమ్మా?"

"జర కథకు కావల్సొచ్చింది బిడ్డా."

"అడిగి తోల్కపో. పొద్దూకేవరకు తెచ్చి కట్టెయ్యాలె. దానికి మేతెయ్యొద్దా? మీ ఇంట్ల పసులు లేవా ఏంది, గింత తెల్వదు!"

"కాలేజీల గిది చెప్పలేదా అక్కా?" అని చీర గోడ అవతలి నుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

అప్పటి నుంచి రోజూ అడిగే తీసుకునేదాన్ని. సాయంత్రం "ఇగో నీ మత్తడి" అంటే, పలుపు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి తన మూలకు నడిపించుకుపోయేది.

పోలీస్ యాక్షన్ అయిపోయింది. ఊళ్లకు పోవచ్చన్నారు. మూటలు కట్టే సంబరంలో ఆ సాయంత్రం మత్తడిని తిరిగియ్యడం మరిచాను. నేను లేచేసరికి మక్తల్ దిక్కు బండ్లు కదిలిపోయాయి. ఆ మూలన చీర లేదు. వాళ్ల ఊరి పేరు కూడా నేను అడిగి పెట్టుకోలేదు.

ఆ ఉత్తరం వచ్చిన నాడు పొద్దంతా నాతో నేనే కొట్లాడాను. రాక్షసుల మీద, రెండు తలల పక్షి మీద ఎవరి సంతకం ఉంది? గుడి స్తంభం మీద ఏనుగు తొండమున్న సింహాన్ని చెక్కినవాడు ఇంకో గుడి శిల్పిని అడిగే చెక్కాడా? వింత జంతువులు చేతులు మారుతూ బతకవలసినవే అనుకున్నాను. మరి అదే నిజమైతే ఆ కోస్తా రచయిత చేసిన తప్పేమిటి? ఆయన దొంగ అయితే నేనెవరిని? ఆయన నా కథను చదివి తీసుకున్నాడు. నేను ఒక పిల్ల నోటి నుంచి తీసుకున్నాను. అచ్చులో సంపాదకుడు "మత్తడి దూకింది" అని దిద్దిన సంగతి కూడా అప్పుడే తట్టింది. మత్తడి అన్న మాట ఆయన ఎన్నడూ వినలేదు గనక నా కల్పన అనుకున్నాడు. మా ఊరి రైతుకు అది రాళ్లకట్ట.

సాయంత్రం మా ఆయన అంతా విని, "సంతకం చెయ్యరాదు? ఆ పిల్ల పత్రిక సదువుతదా, కోర్టు కచేరీకొస్తదా?" అన్నాడు.

"రాదనే నాకు భయమైతాంది."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "చెర్వు మత్తడికి ఇంతవరకు ఏ పట్వారీ పట్టా రాయలే. రాపిచ్చుకుంటే నువ్వే మొదటిదానివైతవ్," అన్నాడు. ఎగతాళే, కానీ ఆ తర్వాత సంతకం మాట ఎత్తలేదు.

రాత్రి సంపాదకునికి జవాబు రాశాను. అచ్చు కాయితంలో సొంత కల్పన అన్న వరుస కొట్టేశాను. ఈ మృగాన్ని పుట్టించింది మక్తల్ దిక్కు పిల్ల, నడక ఒక అవ్వది, తోకా భయమూ నావి అని రాశాను. ఆ రచయితను ఆపే హక్కు నాకు లేదు, ఆయన కథ వేసుకోండి, రేపు ఆ పిల్లే రాసి పంపినా వేసుకోండి అని రాశాను. పుస్తకం వేస్తే మొదటి పేజీలో ఈ సంగతి ఉండాలి, లోపల "దుంకింది" అనే ఉండాలి. కుదరకపోతే కథలు తిప్పి పంపండి. కవరు అంటించాక దాన్ని చాలాసేపు పట్టుకునే కూర్చున్నాను. నా పేరుతో పుస్తకం రాకపోవచ్చు. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికే కష్టమైంది.

తెల్లారి పాలు పోస్తుంటే బిడ్డ అడిగింది. "సంతకం పెట్టినవా?"

"పెట్టలే."

ఐదేళ్ల కొడుకు గ్లాసు కింద పెట్టేశాడు. "ఇగ మనం మత్తడాట ఆడొద్దా? పోలీసోళ్లు పట్కపోతరా?"

వాడి తల నిమిరి ఇద్దరికీ చెప్పాను. "ఎవ్వరు పట్కపోరు బిడ్డా, మంచిగ ఆడుకోండ్రి. కొత్తోళ్లెవరన్న ఆటకొస్తే, ఇది మక్తల్ దిక్కు అక్క పుట్టిచ్చిందని ముందుగాల చెప్పుండ్రి. చెప్పినంకనే ఆట మొదలువెట్టుండ్రి."